కుటుంబ సభ్యుణ్ణి బెదిరించిన కేసులో శిక్ష పడింది, అప్పీల్‌కి వెళ్లొచ్చా?

"అన్నను చంపుతానన్నానని మేజిస్ట్రేట్ కోర్టు ఆరు నెలలు శిక్ష వేసింది, అప్పీల్ వేస్తే ఉపయోగం ఉంటుందా" అని అడిగారు. ఉంటుంది, వేయండి. నాకూ ఇదే జరిగింది.

మాది పశ్చిమ గోదావరి. బోరు నీళ్ల వంతు దగ్గర మా బాబాయితో మాటామాటా పెరిగింది. చేతిలో పార ఉంది, "నరికేస్తా" అన్నాను. ఆయన స్టేషన్‌కి వెళ్లారు. అప్పట్లో అది ఐపీసీ 506. 2024 జూలై 1 తర్వాత జరిగినవైతే భారతీయ న్యాయ సంహితలో 351 కింద పెడుతున్నారు. నాకూ ఆరు నెలలే పడింది.

ముందు గడువు చూసుకోండి. సెషన్స్ కోర్టులో అప్పీల్‌కి తీర్పు రోజు నుంచి 30 రోజులు. జైలు శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కేసు నడిచినంతకాలం బెయిల్ మీదే ఉండి, శిక్ష మూడేళ్లు దాటకపోతే, అప్పీల్ వేసుకోవడానికి ఆ మేజిస్ట్రేటే బెయిల్ ఇవ్వొచ్చు. మా లాయర్ ఆ పిటిషన్ ముందే సిద్ధం చేసుకొచ్చారు కాబట్టే ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చాను. తర్వాత శిక్ష అమలు ఆపమని సెషన్స్ కోర్టులో విడిగా అడగాలి. ఇది మర్చిపోతే అప్పీల్ నడుస్తుండగానే జైలుకి వెళ్లాల్సి వస్తుంది.

అప్పీల్‌లో మామూలుగా సాక్షుల్ని మళ్లీ పిలవరు. ఉన్న వాంగ్మూలాలనే జడ్జి కొత్తగా చదువుతారు. అందుకే ఫిర్యాదులో రాసిన మాట, కోర్టులో చెప్పిన మాట ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. భయపెట్టాలన్న ఉద్దేశం లేకుండా ఊరికే అన్న మాట ఈ నేరం కిందికి రాదని సుప్రీంకోర్టు 2015లో మాణిక్ తనేజా కేసులో చెప్పింది. మీ లాయర్‌ని దాన్ని చూడమనండి. శిక్ష పెరుగుతుందేమోనని టెన్షన్ పడకండి, మీరు వేసిన అప్పీల్‌లో దాన్ని పెంచడానికి వీల్లేదు.

రాజీ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అప్పీల్ దశలో కూడా కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. కానీ మీ అన్న ఇంటికి మీరు వెళ్లొద్దు, ఫోన్ కూడా చేయొద్దు. నేను మంచి మనసుతోనే బాబాయి గుమ్మం దాకా వెళ్లాను. మా పిన్ని నన్ను చూసి తలుపేసుకుంది. ఆమె చేతులు వణకడం కళ్లారా చూశాను. నా కోపం వాళ్లలో ఎంత భయం మిగిల్చిందో అప్పుడే అర్థమైంది. అదే రోజు ఇంకో కేసు పెట్టినా నేను కాదనలేకపోయేవాణ్ణి. మాట్లాడాలంటే లాయర్ల ద్వారానో, ఇద్దరూ గౌరవించే పెద్దమనిషి ద్వారానో మాట్లాడించండి.

మాకు రాజీ కుదరలేదు. నేనా మాట అనలేదని కూడా వాదించలేదు, అన్నాను కాబట్టి. సెషన్స్ జడ్జి నేరం రుజువైందనే అన్నారు. అయితే మొదటి తప్పు అని జైలు శిక్ష తీసేసి, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద ఏడాది మంచి నడవడికకు బాండ్ రాయించుకున్నారు. మీ అప్పీల్‌లో ఈ కోరిక కూడా తప్పకుండా రాయించండి.

లాయర్‌కి డబ్బు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. తీర్పు ఏ తేదీన వచ్చింది? 30 రోజుల్లో ఇంకా ఎన్ని మిగిలాయి?