సా తాతు అంటే మూడు గంటలు కాదు

"విదేశంలో ఏదైనా స్కూల్లో వాలంటీర్‌గా కొన్నాళ్ళు ఉంటే, సఫారీలూ ట్రెక్కింగులూ కాకుండా మామూలు రోజుల్లో అడ్వెంచర్ అంటూ ఏమైనా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందండి. నన్నడిగితే అసలు ఉండేదే అక్కడ.

మాది గుంటూరు, బ్రాడీపేట. లెక్కల టీచర్ని. 2019 మార్చి నుంచి నాలుగు నెలలు టాంజానియాలో మోషి అనే టౌనుకి పైన, ఒక ఊరి బళ్ళో పనిచేశా. మోషి కిలిమంజారో కింద ఉంటుంది. 5,895 మీటర్ల కొండ కింద అన్నాళ్ళుండి కొండెక్కలేదా అని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు, సింహం కనపడిందా అని ఇంకొకళ్ళు. ఎక్కలేదు, కనపడలేదు. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, ఆ కొండ కూడా తెల్లారగట్ల కాసేపు తెల్లటి నెత్తితో కనపడి మళ్ళీ మబ్బుల్లోకి పోయేది. నాకు రోజూ గుండె దడదడలాడింది మాత్రం ఉల్లిపాయలు కొనుక్కురావటానికి సంతకి బయల్దేరినప్పుడే, నిజంగా చెప్తున్నా.

ఎందుకంటే మనకి ఊళ్ళో అడ్రస్ అంటే 4/14 అంటే చాలు, నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు, ఆటో అతను కళ్ళు మూసుకుని తెస్తాడు. అక్కడ అడ్రస్ ఏంటంటే "పెద్ద మామిడిచెట్టు దాటాక". అన్నీ పెద్ద మామిడిచెట్లే. డాలాడాలా అని చిన్న వ్యాన్లు తిరుగుతాయి, పద్నాలుగు మంది పట్టేదాంట్లో పాతిక మందిమి, ఒళ్ళో ఎవరి పిల్లాడో, కాళ్ళ దగ్గర ఎవరిదో కోడి. అక్కడి స్వాహిలీ భాషలో కండక్టర్‌ని "కొండా" అంటారు. కొండ కింద కొండా! ఇక కోడిని "కుకు" అంటారు. మొదటి రోజు హోటల్లో ఆ మాట వినగానే నేను చెయ్యి వెనక్కి తీసుకున్నా, తెలుగువాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. రెండో వారంలో నాతోటి టీచరమ్మ, నాకన్నా పదేళ్ళు పెద్దావిడ, శనివారం సంతకి తీసుకెళ్తా, "సా తాతు"కి డాలాడాలా స్టాండు దగ్గరికి రా అంది. నేను అప్పటికి పది దాకా అంకెలు నేర్చుకున్నా. మోజా, మ్బిలి, తాతు. సా అంటే గంట, తాతు అంటే మూడు. లెక్కల టీచర్ని కదా, మూడంటే మూడే అనుకుని మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి సంచి పట్టుకుని స్టాండులో నిలబడ్డా. ఎవరూ లేరు. నాలుగైంది. ఫోన్ చేద్దామంటే ముందురోజు నుంచి కరెంటు లేక చార్జింగ్ లేదు. మర్చిపోయిందేమో, ఇంటికే వెళ్దాం అనుకుని ఆవిడ ఊరి పేరు చెప్పి వ్యాన్ ఎక్కా. ఆ కొండా పేరు సరిగ్గా విన్నాడో లేదో గానీ, నేను "హపా హపా" అన్నా, అంటే ఇక్కడే ఇక్కడే అని, ఇంకో మలుపు అవతల దింపాడు.

దిగగానే వాన. ఎర్రమట్టి, చెప్పులు రెండు అంగుళాలు పెరిగాయి బురదతో. చుట్టూ అరటితోటలు, అరటి కింద కాఫీ మొక్కలు, అది అక్కడుండే చగ్గా తెగవాళ్ళ సాగు పద్ధతి, ఇళ్ళు కూడా ఆ తోటల్లోనే ఎక్కడో లోపల ఉంటాయి, రోడ్డు మీంచి ఏమీ కనపడవు. భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. అప్పుడు నెత్తిన అరటిగెల పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. నాకు వచ్చిన మొదటి మాట "షికమో" అన్నా. పెద్దవాళ్ళకి పెట్టే నమస్కారం అది, మీ కాళ్ళు పట్టుకుంటున్నా అని దానికి అర్థం చెప్తారు, బళ్ళో పిల్లలు రోజూ లేచి నాకు చెప్పేవాళ్ళు. ఆవిడ మొహం విచ్చుకుంది. "మరహబా" అని, గెల నెత్తి మీదే ఉంచుకుని నా మణికట్టు పట్టుకుంది, చిన్నపిల్లని పట్టుకున్నట్టు. ఆవిడ అరచెయ్యి గరుకు, అరటి జిగురుతో అతుక్కుంటా ఉంది. బడి పేరూ, "మ్వాలిము" అన్న మాటా తప్ప నా దగ్గర ఏమీ లేవు. మ్వాలిము అంటే టీచరు. వాళ్ళ మొదటి ప్రెసిడెంట్ జూలియస్ నైరెరేని కూడా దేశమంతా ఆ మాటతోనే పిలుస్తుంది, ఆయన ముందు బడిపంతులే. ఆ ఒక్క మాటతో ఆవిడకి అంతా అర్థమైపోయింది.

తోటల మధ్యలో కొండ మీంచి నీళ్ళు దింపే సన్నటి కాలవలు ఉంటాయి, వాళ్ళ తాతముత్తాతలు తవ్వుకున్నవి. ముసలమ్మ నన్ను కాలవ గట్టెక్కించి, నీళ్ళు పోయే వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయింది. తెనాలి కాలవగట్ల మీద తిరిగినదాన్ని నేను, కాలవ కనపడ్డాక ఇంక భయం లేదు. ఇరవై నిమిషాలు నీళ్ళతోపాటు నడిస్తే మా టీచరమ్మ పెరట్లో తేలా.

నన్ను చూసి ముందు కంగారుపడింది, తర్వాత తువ్వాలు తెచ్చి తలతుడిచింది, ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళు గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్ళకి ఒకటి, మన తొమ్మిది వాళ్ళకి మూడు. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాదంతా ఆరు అటూఇటుగానే తెల్లారుతుంది, ఆ లెక్క తప్పదు. సా తాతు అంటే పొద్దున తొమ్మిది!

ఇలాంటిది ఏ ప్యాకేజీలోనూ రాదండి. వారం రోజులకి బోలెడు డబ్బు తీసుకుని "వాలంటీర్ ట్రిప్" అని పంపే ఏజెన్సీలంటే నాకు ఒళ్ళు మంట. వారంలో పిల్లల పేర్లు కూడా రావు, ఫోటోలు మాత్రం వస్తాయి. ఇంకోటి, టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చెయ్యకూడదు, పర్మిట్ వేరే తీసుకోవాలి, ఎవరేం చెప్పినా నమ్మకండి. వెళ్తే కనీసం మూడు నెలలు వెళ్ళండి, ఏదో ఒక సబ్జెక్ట్ బాగా వచ్చినవాళ్ళు వెళ్ళండి. నేనున్నప్పుడు అక్కడ సర్కారు బళ్ళలో ఏడో తరగతి దాకా చదువంతా స్వాహిలీలో, తర్వాత సెకండరీలో ఒక్కసారిగా ఇంగ్లీషు. నిన్నటిదాకా భిన్నాలు చకచకా చేసిన పిల్ల ఫారం వన్‌లో, అంటే సెకండరీ మొదటి ఏడాదిలో, నోరు మెదపదు. మన పల్లెల్లో తెలుగు మీడియంలో ఫస్టు వచ్చి, గుంటూరులో ఇంటర్‌లో చేరి వెనక బెంచీలో ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని చూశానో, అదే మొహం అక్కడా చూశా. నేను కూడా అలాగే ఏడ్చినదాన్నే. అందుకే సాయంత్రాలు వాళ్ళని కూర్చోబెట్టి, లెక్క వాళ్ళ భాషలో చెప్పించుకుని, ఇంగ్లీషు మాట నేనిచ్చేదాన్ని. నా స్వాహిలీ అంతా వాళ్ళు నేర్పిందే.

ఆదివారం ఫోన్ చార్జ్ అయ్యాక తెనాలి దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మమ్మకి చేసి కథంతా చెప్పా. గడియారం ఆరు గంటలు తేడా అంటే ఆవిడకి ఎలా అర్థమవుతుందా అనుకుంటుంటే, "పొద్దు పొడిచిన మూడు గంటలకి అంటే జామేగదే, జాము పొద్దెక్కాక రమ్మంటే నువ్వు పొద్దు వాలాక పోతావా" అంది. చిన్నప్పుడు సెలవల్లో రోజూ ఆ మాటతోనే లేపేది మమ్మల్ని, జాము పొద్దెక్కింది లేవండని. పదిహేను వందల మంది పిల్లలకి గంటలు, నిమిషాలు నేర్పి ఉంటా, ఆ లెక్క నా ఇంట్లోనే ఉందని నాకు తట్టలేదు.

తర్వాత ఇంకోటి అడిగింది. "ఆ పిల్ల నీకోసం ఎంతసేపు చూసిందో కనుక్కున్నావా?"

సోమవారం బళ్ళో అడిగా. వానలో మధ్యాహ్నం దాకా స్టాండులోనే నిలబడిందట.