16:9 కొనాలా, 16:10 కొనాలా?

పగలంతా ఎక్సెల్, కోడింగ్, రాత్రయితే సినిమాలు, 24 అంగుళాల మానిటర్‌లో 16:10 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10 పాళ్లు) తీసుకుంటే సినిమాకు పైనా కిందా నల్ల పట్టీలు ఎక్కువొస్తాయని భయంగా ఉంది అన్నారు కదండీ. నన్నడిగితే కళ్లు మూసుకుని 16:10 తీసుకోండి.

పట్టీల గురించి టెన్షన్ వద్దు. మన సినిమాలు చాలావరకు స్కోప్‌లో, అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లుండే 2.39:1లో ఉంటాయి. వాటికి 16:9లోనూ పట్టీలు తప్పవు. 16:9 అయిన 1920×1080 తెర మీద బొమ్మకు దక్కేది దాదాపు 803 పిక్సెళ్ల ఎత్తే, పైనా కిందా చెరో 138 నల్లగా పోతాయి. 16:10 అయిన 1920×1200లో అవి 198 అవుతాయి, బొమ్మ పిక్సెళ్లు మాత్రం అవే. వెడల్పులో తేడా అర అంగుళం. గది లైటు ఆపేస్తే పట్టించుకోరు కూడా.

పనిలో మాత్రం ఎత్తులో వచ్చే ఆ అదనపు 120 పిక్సెళ్ల విలువ తెలుస్తుంది. ఎక్సెల్‌లో మామూలు జూమ్‌లో ఇంకో ఆరు వరసలు కనిపిస్తాయి. కోడ్‌లోనూ ఇంకొన్ని లైన్లు ఒకేసారి కళ్లముందు ఉంటాయి.

సినిమాల కోసమని ఎవరైనా ఇంకా వెడల్పుగా ఉండే 21:9 తెర అంటే తొందరపడకండి. 34 అంగుళాలదైనా ఎత్తు 27 అంగుళాల 16:9 అంతే. పైగా కొన్ని ఓటీటీ వీడియోల్లో పట్టీలు ముందే కలిసిపోయి ఉంటాయి, అప్పుడు నాలుగు వైపులా నలుపే. వెబ్‌సిరీస్‌లకైతే పక్కలు ఖాళీ.

ఒక్క విషయం, 16:10 మోడళ్లు తక్కువ, ధర కాస్త ఎక్కువ. తేడా మరీ ఎక్కువైతే ఆ డబ్బుకు 27 అంగుళాల 16:9లో 2560×1440 చూడండి.