సెలవులో వచ్చే అక్కకు ఇంటి గొడవలు ముందే చెప్పాలా?

మీ అక్క మిలిటరీ నర్సు అని, వచ్చే నెల సెలవులో వస్తోందని, ఇక్కడ నాన్నా అన్నయ్యా పొలం గొడవతో మాట్లాడుకోవట్లేదని, ఇవన్నీ ముందే చెప్పాలా వచ్చాక చెప్పాలా అని అడిగారు. ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి.

నేనూ మిలిటరీ నర్సునే. రెండేళ్ళు లద్దాఖ్‌లోని లేహ్‌లో చేశాను. సియాచిన్ నుంచి దించిన జవాన్ల కాళ్ళకు డ్రెస్సింగ్ చేసేవాళ్ళం, ఆ చలికి వేళ్ళు మొద్దుబారి నల్లబడిపోతాయి, కొందరికి తీసేయాల్సి వస్తుంది. జనవరిలో సెలవు దొరికింది. మంచుకి రోడ్లు మూసేశారు, విమానమే దిక్కు, మంచు వల్ల రెండు రోజులు అదీ లేదు. ఎలాగో ఢిల్లీ చేరి, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వచ్చి, బస్సెక్కి ఇంటికెళ్తే గుమ్మంలోనే మా బాబాయి "క్యాంటీన్ బాటిల్స్ తెచ్చావా అమ్మాయ్" అన్నాడు. ఆర్మీ అనగానే చుట్టాలకు ఆ క్యాంటీన్ మందొక్కటే గుర్తొస్తుంది, నాకు ఒళ్ళు మండిపోతుంది.

అమ్మ బయటికి రాలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది, కుడికాలికి పాత చీర పేలిక చుట్టుకుని. విప్పి చూస్తే బొటనవేలు నల్లగా ఉంది, లేహ్‌లో రోజూ చూసి వచ్చిన నలుపే. షుగర్ మనిషి, చెప్పు కరిచిన పుండు, నెల రోజుల నుంచి అలాగే ఉందట. మా ఇంట్లోనూ పొలం గొడవతో నాన్నకీ అన్నయ్యకీ మాటల్లేవు. నాన్న "వాడు తీసుకెళ్తాడనుకున్నా" అన్నాడు, అన్నయ్య "బండి ఆయన దగ్గరే ఉందిగా" అన్నాడు. ఫోన్‌లో మాత్రం ఎప్పుడడిగినా "అంతా బాగున్నాం, నువ్వు తిన్నావా". ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అంత దూరంలో టెన్షన్ పడతావని".

ముందే తెలిస్తే ఒక ఫోటో పంపమని, ఆ రోజే ఆసుపత్రికి పంపించేదాన్ని. సెలవంతా గుంటూరు ఆసుపత్రిలోనే గడిచింది, వేలు తీసేశారు. పలకరించడానికి వచ్చిన అత్తయ్యలు ఆ మంచం పక్కనే కూర్చుని "పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తావుగా" అని అడిగారు. పెళ్ళి చేసుకుందని 1988లో పంపించేసిన మిలిటరీ నర్సుకు 2024లో సుప్రీంకోర్టు 60 లక్షలు ఇవ్వాలని చెప్పింది, ఆవిడ అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది, మనవాళ్ళేమో ఎవరూ తీసేయకముందే మానేయమంటారు.

మా ఇంట్లో పొలం సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడు వీడియో కాల్ చేస్తే అమ్మ ముందు రెండు పాదాలూ చూపిస్తుంది, తర్వాతే మాట్లాడుతుంది.