కాన్పు అనుభవాలపై పరిశోధన... కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది. ఆడవాళ్లకు కాన్పు ఎలా గడిచిందో తెలుసుకునే పరిశోధన చేస్తానంటోంది. పెళ్లికాని పిల్ల ఇవన్నీ అడుగుతూ తిరగడమేమిటని ఇంట్లో గొడవ. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గొడవ సంగతి ముందు తేల్చేద్దామమ్మా. లేబర్ రూమ్‌లో నొప్పులు పడుతున్న మనిషి పక్కన నిలబడ్డ పిల్ల, తర్వాత ఆమెను నాలుగు మాటలు అడిగితే తప్పేముంది?

ఒకప్పుడు తల్లీబిడ్డా క్షేమమా అన్నదే ఈ రంగంలో పెద్ద లెక్క. ఇప్పుడు తల్లిని ఎలా చూశారన్నదీ లెక్కలోకి వచ్చింది. కసురుకోవడం, చెయ్యి చేసుకోవడం, చెప్పకుండా పరీక్షలు చేయడం వంటి వాటిని 34 దేశాల అధ్యయనాలతో 2015లో ఒక సమీక్ష వర్గీకరించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రసవ మార్గదర్శకాల పేరులోనే ‘మంచి అనుభవం’ అని పెట్టింది. మన దేశంలో 2017 చివర్లో వచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా లేబర్ రూమ్‌లో గౌరవంగా చూడాలంటోంది. ఇక తెలంగాణలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21) ప్రకారం నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ ఎందుకో ఆ తల్లికి ఎవరైనా సరిగ్గా చెప్పారా? ఇలాంటి ప్రశ్నలకు మన దగ్గర చాలా పని మిగిలే ఉంది.

పని మాత్రం తేలిక కాదు. వార్డులో మంచం పక్కన నిలబడి అడిగితే బాలింత ‘బాగానే చూసుకున్నారమ్మా’ అంటుంది. పక్కనే అత్తగారు, ఎదురుగా సిస్టర్, ఇంకేం చెబుతుంది? అదే మనిషి నెలన్నర తర్వాత పుట్టింట్లో బిడ్డను ఒళ్లో వేసుకుని మాట్లాడితే కథ వేరుగా ఉంటుంది. మనవాళ్లు పురిటికి పుట్టింటికి వెళతారు కాబట్టి, హైదరాబాద్‌లో కాన్పయిన మనిషిని వెతుక్కుంటూ ఏ నల్గొండ పల్లెకో బస్సెక్కాలి. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

దారి విషయానికొస్తే, డిగ్రీ కాగానే ఒకటి రెండేళ్లు లేబర్ రూమ్‌లో ఉద్యోగం చేయనివ్వండి. ఆ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ఒబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగం) గానీ, పబ్లిక్ హెల్త్ పీజీ (ఎంపీహెచ్) గానీ చేయొచ్చు. ఎంపీహెచ్ మన ఊళ్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లో ఉంది. ఇంటర్వ్యూలు చేయడం వస్తే చాలదు, స్టాటిస్టిక్స్ కూడా గట్టిగా నేర్చుకోవాలి. డబ్బు సంగతి దాచను. మొదట్లో వచ్చేవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులే, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. పీహెచ్‌డీ అయ్యాక బోధనలో కాస్త నిలకడ వస్తుంది. నర్సింగ్ రిజిస్ట్రేషన్ చేతిలో ఉంటుంది కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు, ఎప్పుడైనా ఆసుపత్రి ఉద్యోగానికి తిరిగి రావచ్చు.

ఈలోగా కాలేజీలో ఎలాగూ చేయాల్సిన ప్రాజెక్టుకు ఈ అంశమే తీసుకోమనండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, బాలింతల సమ్మతి ముందు. అయిదారుగురితో మాట్లాడి, ఆ రికార్డింగులు తానే విని అక్షరం పొల్లుపోకుండా రాయాలి. గంట మాటలు రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అది విసుగనిపిస్తే నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు చదువుకోవచ్చు. రాస్తూ రాస్తూ భోజనం మర్చిపోయిందంటే మాత్రం ఆపకండి.