టర్బో రాడ్ బిగిస్తే పికప్ పెరుగుతుందా?

మీ స్విఫ్ట్ డీజిల్‌కి పికప్ తగ్గిందని, టర్బో దగ్గరి రాడ్ కాస్త బిగిస్తే చాలని మెకానిక్ అన్నాడని రాశారు. దయచేసి ఇప్పుడే ఆ రాడ్ మీద చెయ్యి వేయనివ్వకండి. నాదీ అదే 1.3 లీటర్ల 75 పీఎస్ ఇంజనే, ఇదే కంప్లైంట్ వచ్చింది. చూస్తే నా బండి రాడ్‌లో ఏ లోపమూ లేదు.

టర్బోలో ఇంజన్ వదిలే పొగ టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్ అవతలి చివరన ఉన్న కంప్రెసర్ ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెడుతుంది, ఆ అదనపు ఒత్తిడే బూస్ట్. పొగంతా టర్బైన్ మీదకే పోతే వేగానికి అదుపుండదు కాబట్టి పక్కన ఒక చిన్న మూత పెడతారు, అదే వేస్ట్‌గేట్. బూస్ట్ గాలి సన్న గొట్టంలోంచి యాక్చువేటర్‌లోకి (ఆ మూతని రాడ్‌తో కదిపే డబ్బా) వచ్చి లోపలి పొర డయాఫ్రమ్‌ని నెడుతుంది. స్ప్రింగ్ బలాన్ని మించగానే రాడ్ కదిలి మూత తెరుచుకుంటుంది, మిగిలిన పొగ టర్బైన్‌ని తాకకుండా బయటికి పోతుంది. రాడ్ బిగించి పొట్టి చేస్తే మూత ఆలస్యంగా తెరుచుకుంటుంది, బూస్ట్ పెరుగుతుంది. అంతవరకూ నిజమే. కానీ డీజిల్ ఎంత కొట్టాలో చెప్పేది ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్. దాని ప్రోగ్రామ్ మార్చకుండా (రీమ్యాప్) గాలి ఒక్కటీ పెంచితే పెద్దగా లాభం లేదు. పరిమితి దాటితే పీ0234 ఓవర్‌బూస్ట్ కోడ్ పడి బండి లింప్ మోడ్‌లోకి, అంటే ఇంజన్ని కాపాడటానికి పవర్ తగ్గించేసే స్థితిలోకి పోతుంది, టర్బో మీద భారం అదనం.

నా బండిలో లోపం దొరికింది ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే వేడి గాలిని చల్లబరిచేది) కింది హోస్‌లో. క్లాంపు పక్కన నూనె చెమ్మ, దానికి అంటిన దుమ్ముతో నల్లటి గీత కనిపించింది. హోస్‌ని వేళ్లతో వంచితే చీలిక విచ్చుకుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం దానిదే. హోస్ మార్చాక పికప్ తిరిగొచ్చింది, నల్లపొగ ఆగింది.

మీరూ ముందు హోస్‌లు, క్లాంపులు, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. అవన్నీ బాగుంటే యాక్చువేటర్‌కి గేజ్ ఉన్న చేతి పంపుతో గాలి కొట్టించండి. రాడ్ సాఫీగా కదిలి, గాలి వదలగానే పూర్తిగా వెనక్కి రావాలి. తుప్పుకి మూత సగం తెరిచి ఇరుక్కుపోయినా బూస్ట్ రాదు. అప్పుడు రాడ్ బిగించినా ఫలితం ఉండదు.

స్కానర్ పెట్టించినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ చూపేది వాతావరణ పీడనంతో కలిపిన లెక్క. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే హైదరాబాద్‌లో సుమారు 95, విశాఖలో సుమారు 101 కిలోపాస్కల్ చూపాలి. నడుస్తుండగా వచ్చే అంకెలోంచి దాన్ని తీసేస్తేనే అసలు బూస్ట్. 190 కనిపించగానే ఓవర్‌బూస్ట్ అని ఎవరైనా అంటే నమ్మకండి, వాతావరణ పీడనం తీసేస్తే అది ఒక బార్ (100 కిలోపాస్కల్) కంటే తక్కువే.