కొట్లాట కేసులో శిక్ష వేసేముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

లీగ్ క్రమశిక్షణ కమిటీలోకి నిన్ను తీసుకున్నారని తెలిసి సంతోషించాను. మైదానంలో ఆటగాళ్లు కొట్టుకున్న పూటే అందరూ ‘ఎన్ని మ్యాచ్‌లు’ అని అడగడం మొదలుపెడతారు. నువ్వు మాత్రం ఆ లెక్క చిట్టచివర తేల్చు.

ముందు వీడియో. గొడవకు కనీసం అర నిమిషం ముందు నుంచి చూడు. కెమెరా తరచుగా మొదటి దెబ్బ పడ్డాకే అటు తిరుగుతుంది. అందుకే టీవీలో పదేపదే కనిపించేది తిరిగి కొట్టినవాడి చెయ్యే. ప్రసారం కాని ఫుటేజీ కూడా తెప్పించుకో. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడటానికి స్లో మోషన్ పనికొస్తుంది గానీ, కావాలని కొట్టాడా లేదా అన్నది మామూలు వేగంలోనే చూడాలమ్మా. నెమ్మదిగా తిప్పితే తూలి తగిలిన మోచెయ్యి కూడా గురిచూసి విసిరినట్టే ఉంటుంది.

తర్వాత ఒక్కో ఆటగాడికి ఒక్కో కాగితం పెట్టుకో. రెచ్చగొట్టినవాణ్ణి, మొదట చెయ్యి చేసుకున్నవాణ్ణి, తిరిగి కొట్టినవాణ్ణి, మధ్యలో దూరినవాణ్ణి, విడదీయడానికి వచ్చినవాణ్ణి ఒకే గాటన కట్టకు. 2016లో బేస్‌బాల్‌లో హోసే బటిస్టా పరుగులో నేల మీద జారుతూ ప్రత్యర్థి రూగ్నెడ్ ఓడోర్ మీదికి మోటుగా వస్తే, ఓడోర్ అతని దవడ మీద గుద్దాడు. ఓడోర్‌కు 8 ఆటల నిషేధం పడి, అప్పీలులో 7కు తగ్గింది. బటిస్టాకు ఒక్క ఆటే. ఆ తేడా ఉండాల్సిందే.

పెద్ద చిక్కు బెంచ్ దగ్గర వస్తుంది. గొడవ జరుగుతుంటే బెంచ్ మీదివాళ్లు లోపలికి రాకూడదన్న నియమం మంచిదే, గుంపు కొట్లాటలను ఆపేది అదే. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటకని మొదట బెంచ్ దిగినవాడికి విచక్షణతో పనిలేకుండా 10 ఆటల నిషేధం. కానీ 2007లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ నాకౌట్ సిరీస్‌లో ఏమైందో చూడు. స్పర్స్ ఆటగాడు రాబర్ట్ హోరీ సన్స్ ఆటగాడు స్టీవ్ నాష్‌ను స్కోరర్ల బల్ల మీదికి నెట్టాడు. సన్స్ బెంచ్ నుంచి అమారే స్టౌడమైర్, బోరిస్ డియా కాస్త ముందుకొచ్చారు, ఎవరినీ కొట్టలేదు. హోరీకి 2 ఆటలు, వీళ్లిద్దరికీ చెరొకటి. తర్వాతి ఆట సన్స్ ఓడింది, సిరీస్ 4-2తో స్పర్స్‌కు పోయింది. నియమం ప్రకారం తప్పేమీ లేదు, కానీ నెట్టినవాడి జట్టే బాగుపడింది. నీ లీగ్ నియమావళిలో ‘బెంచ్ దాటడం’, ‘గొడవలో చేరడం’ అని రెండు మెట్లు ఉన్నాయో లేదో సీజన్ మొదలయ్యే ముందే చూసుకో. లేకపోతే అప్పుడే సవరణ అడుగు. కేసు మధ్యలో జాలిపడి నియమం వంచావంటే రెండో కేసుకే దొరికిపోతావు.

పాత ఫైలు ఎప్పుడు తెరవాలన్నదీ ముఖ్యమే. ఈ రోజు చేసిన తప్పు ఏ స్థాయిదో తేల్చి సంతకం పెట్టాకే పాత చరిత్ర చూడు. 2018లో పోర్ట్ ఎలిజబెత్‌లో స్టీవ్ స్మిత్‌కు భుజం తగిలించినందుకు కగిసో రబాడకు 3 డీమెరిట్ పాయింట్లు (తప్పుకు వేసే పాయింట్లు, పేరుకుపోతే నిషేధం) వేశారు. పాతవి కలిసి అది రెండు టెస్టుల నిషేధమైంది. అప్పీలులో ఆ తాకిడి కావాలని చేసినట్టు నిలవలేదు. 1 పాయింట్, మ్యాచ్ ఫీజులో 25 శాతం జరిమానాతో బయటపడి తర్వాతి టెస్టు ఆడాడు. మొదటి మెట్టు మీద రెండు పాయింట్ల తేడా వస్తే చివర రెండు టెస్టులు తేడా వస్తాయి.

గాయం తీవ్రతను బరువులో కలుపు గానీ దానితో మొదలుపెట్టకు. వెనకనుంచి తల మీద గుద్దితే, అవతలివాడు లేచి నిలబడ్డా అది ప్రమాదకరమైన పనే. గాయాన్నే కొలతగా పెట్టుకుంటే అదృష్టవంతుడు తప్పించుకుంటాడు.

ఇప్పుడు లెక్క. మ్యాచ్‌ల సంఖ్యను కాదు, సీజన్‌లో వాటాను చూడు. 2008 ఐపీఎల్‌లో శ్రీశాంత్ చెంప మీద కొట్టినందుకు హర్భజన్ సింగ్‌కు 11 మ్యాచ్‌లు పోయాయి. 14 లీగ్ మ్యాచ్‌ల సీజన్‌లో అది నాలుగింట మూడొంతులకు పైమాటే. అదే 11 ఆటల నిషేధం 162 ఆటల బేస్‌బాల్ సీజన్‌లో ఏడు శాతం కూడా కాదు. అక్కడ కూడా స్టార్టింగ్ పిచర్ (ఆట మొదటి నుంచి బంతి విసిరేవాడు) అయిదు రోజులకోసారే ఆడతాడు కాబట్టి 5 ఆటల నిషేధం అతనికి దాదాపు సెలవే. అతనికి జట్టు ఆటల్లో కాదు, అతను బంతి విసరాల్సిన ఆటల్లో లెక్కగట్టి శిక్ష వెయ్యాలి. రిటైరవుతున్నవాడికి నిషేధం అసలే అంటదు: 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో ప్రత్యర్థిని తలతో గుద్దిన జిదాన్‌కు 3 మ్యాచ్‌లు వేసినా, చివరికి వాటి బదులు సమాజ సేవ చేయించుకోవలసి వచ్చింది. జరిమానా అయితే జీతంలో శాతంగా వెయ్యి. ఒకే మొత్తం పెడితే స్టార్‌కు చిల్లర, కుర్రాడికి నెల జీతం.

తీర్పు ఒకటిన్నర పేజీకి మించనక్కర్లేదు, కానీ కారణాలు ఉండాలి. 2004లో ఎన్‌బీఏలో డెట్రాయిట్ మ్యాచ్‌లో జరిగిన గొడవకు ఆటగాడు జెర్మైన్ ఓనీల్‌కు వేసిన 25 ఆటలను మధ్యవర్తి 15కు తగ్గించాడు. నీ తీర్పునూ అలా ఎవరో ఒకరు కొలుస్తారు. అప్పీలుకు గడువు 48 గంటలు పెట్టించు, విచారణ తర్వాతి మ్యాచ్‌లోపు జరిగేలా చూడు. అప్పీలు తేలేదాకా ఆడనిచ్చే లీగ్‌లలో జట్లు బలమైన ప్రత్యర్థితో ఆట అయ్యేదాకా సాగదీసి, బలహీన జట్టుతో ఆట రాగానే అప్పీలు వెనక్కి తీసుకుంటాయి.