రాత్రి రైళ్లు తీయాలంటే: మేనల్లుడికి మామ రాసే ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

ట్రైపాడ్ కొన్నావని, రాత్రిపూట రైళ్లు తీయాలని ఉందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం నాయనా. పట్టాల దగ్గరికి మాత్రం దిగొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి దాకా జరిమానానో వేస్తారు, అది చిన్న సంగతి. కెమెరాలో తల దూర్చినవాడికి పక్క లైన్లో వచ్చే కరెంటు ఇంజను చప్పుడు వినపడదు, అదీ అసలు భయం. ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలే చెల్లుతుంది. స్టేషన్ మాస్టరుకో ఆర్పీఎఫ్ వాళ్లకో చెప్పి, వాళ్లు సరేనంటేనే ట్రైపాడ్ విప్పు. ఫ్లాష్ అసలే వద్దు, లోకో పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి.

బాగా చీకటి పడేదాకా ఆగకు. పొద్దు గూకాక 20 నుంచి 40 నిమిషాల దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, కరెంటు తీగలూ కొండల అంచులూ విడిగా కనపడతాయి. నవంబరులో ఆరింటికి, జూన్‌లో ఏడింటికి ముందే అన్నీ బిగించుకుని ఉండాలి. తిరుపతి స్టేషన్ ఫుట్ బ్రిడ్జి మీద చంద్రగిరి వైపు తిరిగి నిలబడితే శేషాచలం కొండలు కుడిచేతి పక్కన ఉంటాయి. కట్టడాలు అడ్డురాని చోటు దొరికితే ఘాట్ రోడ్డు దీపాల వరస కూడా ఫ్రేములోకి తెచ్చుకో. కింద 25 వేల వోల్టుల తీగ ఉంది, సెల్ఫీ కర్రలాంటివి బయటికి చాచొద్దు.

రైలు రాకముందే ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుతురు పట్టాలో, తేల్చుకో. లెన్సు రంధ్రం ఎఫ్/8 పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 3200లో ఒక్క సెకను తీసి చూడు. వెలుతురు సరిపోయిందంటే ఐఎస్‌ఓ 100లో 32 సెకన్లు కావాలన్నమాట. దూరంగా ఉన్న సిగ్నల్ దీపాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కు మార్చెయ్. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపు. లెన్సు ముందు బిగించే యూవీ ఫిల్టర్ అద్దం తీసెయ్, లేకపోతే హెడ్‌లైటు ప్రతిబింబం ఆకాశంలో పచ్చటి మచ్చలా పడుతుంది.

ఇప్పుడు లెక్క. ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పెట్టె దాదాపు 24 మీటర్లు. 24 పెట్టెలు, ఇంజనుతో కలిపి 600 మీటర్లనుకో. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 17 మీటర్లకు కాస్త తక్కువ, నీ ముందునుంచి రైలంతా దాటడానికి 36 సెకన్లు. చాలా కెమెరాల్లో 30 సెకన్లకు షట్టర్ మూసుకుంటుంది, తోకభాగం తెగిపోతుంది. అందుకే నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బల్బ్ మోడ్, కెమెరా కదలకుండా దూరంనుంచి నొక్కే కేబుల్ రిలీజ్ ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలను పాడుచేసేది హెడ్‌లైటు. ఎదురుగా వస్తే పట్టాలూ ప్లాట్‌ఫారమూ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. వెళ్లిపోయే రైలునే తియ్యి, ఆ వెలుగు ముందుకు పడి దారిని చూపిస్తుంది. ఎదురుగానే తీయాలంటే షట్టర్ తెరిచే ఉంచి, ఇంజను నీకేసి చూస్తున్నంతసేపూ నల్ల అట్టముక్కను లెన్సుకు తగలకుండా అడ్డం పెట్టు. దాటగానే తీసెయ్. అట్ట పెట్టిన సెకన్లను మళ్లీ కలుపుకో.

చివరి పెట్టె వెనక ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది, కాబట్టి ఫొటోలో గీతలా కాక చుక్కలచుక్కలుగా పడుతుంది. రైలు నెమ్మదిగా పోతే చుక్కలు దగ్గరదగ్గరగా, వేగంగా పోతే ఎడంగా. ఆ చుక్కలు చెరపొద్దు, నాకు ఫొటోలో అదే అందం. ఏసీ పెట్టెల అద్దాలు ముదురు రంగు, కిటికీ గీతలు మసకగా వస్తాయి. స్లీపర్, జనరల్ పెట్టెలవి మెరుస్తాయి. రాత్రి పది దాటితే స్లీపర్‌లోనూ దీపాలార్పేస్తారు, సాయంత్రం బండ్లనే నమ్ముకో.

ఆగిన రైలు కావాలంటే పాకాల వైపు వెళ్లు. ఒంటి లైను కాబట్టి ఎదురు బండికి దారివ్వడానికి (క్రాసింగ్) బండ్లు ఆగుతాయి, తీరిగ్గా 15 సెకన్లు ఇవ్వొచ్చు. తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. రెండో లైను పడితే బండ్లు ఇలా ఆగడం తగ్గిపోతుంది, ఇప్పుడే తీసిపెట్టుకో.

రోడ్డు బ్రిడ్జి మీద లారీ పోతే కాంక్రీటు అదురుతుంది, అది దాటాకే షట్టర్ నొక్కు. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపకు. ఫొటోలో మచ్చల్ని తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపెయ్, లేకపోతే 36 సెకన్ల ఫొటో తర్వాత ఇంకో 36 సెకన్లు కెమెరా పలకదు, ఈలోగా ఎదురు లైను బండి వెళ్లిపోతుంది.

నీ మామ